ఇరుగుపొరుగు దేశాల చదువు

(మన సంఘపు ఉగాది సభలో విద్యానిధి ఉపసంఘము పక్షాన చదివిన ప్రసంగపాఠము)



ఇప్పుడే శాస్త్రులవారు పంచాంగ శ్రవణము ముగించినారు. ఈ ఏడు రాజెవరో, మంత్రి ఎవరో, సేనాధిపతి ఎవరో విన్నాము. ఆదాయ వ్యయాలు చదివేటప్పుడు అందరూ చెవులు రిక్కించినారు. దేశాల మధ్య పోరు ఉన్నదా, పొందు ఉన్నదా అని చెప్పేటప్పటికి మాత్రం సగం మంది పులిహోర వాసన వచ్చే వైపు తిరిగినారు. తప్పు పట్టుటలేదు. మేమూ తిరిగినవారమే. అలా ముఖం తిప్పుకొన్నందువల్ల మావల్ల జరిగిన ఒక పొరపాటును మీ ముందు పెట్టడానికే ఈ పూట నిలుచున్నాము.

మేము ముగ్గురము. ఒకరు బ్యాంకు ఉద్యోగము చేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు, ఒకరు బడిపంతులు, ఒకరు బట్టల వ్యాపారి. మన విద్యానిధికి వచ్చే దరఖాస్తులు చూసి ఎవరికి ఇవ్వవలెనో నిర్ణయించే పని మీరు మాకు అప్పగించినారు. చదువుతున్నది ఒక గొంతు అయినా రాసినది ముగ్గురమూ కూర్చుని.

మూడేళ్ల క్రిందట ఒక అమ్మాయి దరఖాస్తు పెట్టుకొన్నది. నాలుగు తరాలుగా ఈ మదరాసులోనే ఉన్న కుటుంబము. (చెన్నై అనవలెనని తెలుసును, నోటికి అలవాటు పోలేదు.) ఇంట్లో నాయనమ్మతో తెలుగు, బడిలో తమిళము, కాలేజీలో ఇంగ్లీషు. బి.ఏ. చరిత్రలో మంచి మార్కులు వచ్చినవి. ఢిల్లీలో అంతర్జాతీయ సంబంధాలలో ఎం.ఏ. చదువుతాను, హాస్టలు ఖర్చుకు సాయం చేయండి అని అడిగినది. మన నిబంధనల పుస్తకములో ఆరవ నిబంధన “వృత్తి విద్యలు అభ్యసించు విద్యార్థులకు” అని ఉన్నది. ఇంజనీరింగు, వైద్యము, అకౌంటెన్సీ, నర్సింగు ఇవన్నీ అందులోకి వస్తాయి. ఇదెక్కడికి వస్తుంది?

మాలో ఒకరు, ఎవరో చెప్పము, ఆ అమ్మాయిని అడిగినారు: “ఏమమ్మా, రోజూ పేపరు చదివితే సరిపోదా దీనికి?”

ఆ పిల్ల నవ్వలేదు, కోపగించలేదు. “రోజూ మందుల షాపుకు వెళ్లేవారు డాక్టర్లవుతారా, మామయ్యగారూ?” అన్నది. మాకు ఆ మాట పెడసరముగా తోచినది. నిబంధన చేతిలో ఉన్నది గనుక దాని చాటున నిలిచి దరఖాస్తు తిరగగొట్టినాము. ఆ డబ్బు ఆ ఏడు ఖర్చు కాక బ్యాంకులోనే మిగిలిపోయినది. ఈ వాక్యము మేము రాయకుండా ఉండవచ్చును. కాని లెక్కల పుస్తకములో ఉన్నది.

పిల్ల ఆగలేదు. ట్యూషన్లు చెప్పుకొన్నది, ఒక అనువాదాల ఆఫీసుకు తమిళము నుంచి ఇంగ్లీషుకు పనిచేసి పెట్టినది, చదువు పూర్తి చేసినది. పోయిన విజయదశమికి ఇక్కడికి వచ్చినప్పుడు మన పఠనమందిరములో ఒక సాయంత్రము మాట్లాడుతానని తానే అడిగినది. మేము మొగమాటముతో ఒప్పుకొన్నాము. ఇరవై మందికి మించి రాలేదు. రానివారి కోసము ఆ సాయంత్రము జరిగినది కొంచెము వివరముగా చెప్పవలె.

కచ్చత్తీవును గురించి మాట్లాడినది. ఈ ఊళ్లో ఉండి ఆ పేరు విననివారు లేరు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆ ద్వీపము సముద్రములో నుంచి లేచి గోడల మీదకి వస్తుంది. “ఇచ్చేసినారు” అని ఒకరు, “అది మనదే కాదు” అని ఒకరు. మేమంతా వారో వీరో చెప్పినది నమ్మి ఊరుకొన్నవాళ్లము. అమ్మాయి మాత్రము రెండు కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టినది. ఒకటి 1974 జూన్ 26న కొలంబోలోను, 28న ఢిల్లీలోను ఇరు దేశాల ప్రధానులు సంతకము చేసిన ఒప్పందము. రెండవది 1976 మార్చినాటిది. “ఎప్పుడైనా చదివినారా?” అని అడిగినది. బడిపంతులుగారితో సహా ఎవరమూ చదవలేదు. యాభై ఏళ్లుగా వాదిస్తున్నాము, కాగితము చూడలేదు.

285 ఎకరాల ద్వీపము. తాగునీరు లేదు, అంతోనియారు గుడి ఒకటి ఉన్నది. 1974 ఒప్పందములో అయిదవ అధికరణము మన జాలరులు, యాత్రికులు మునుపటివలెనే ద్వీపానికి రావచ్చును, వీసా అక్కరలేదు అంటుంది. “రావచ్చును అన్నారు; వల వేయవచ్చును అన్నారా?” అని అమ్మాయి ప్రశ్న. ఆరవ అధికరణము ఇరు దేశాల పడవలకు ఒకరి జలాలలో మరొకరికి సంప్రదాయముగా ఉన్న హక్కులు కొనసాగుతాయి అంటుంది. మరి పడవకున్న హక్కులో వలకున్న హక్కు ఇమిడి ఉన్నదా? రెండేళ్ల తరువాత మన్నారు సింధుశాఖలో సరిహద్దు గీసినప్పుడు ఇరు ప్రభుత్వాలు రాసుకొన్న ఉత్తరాలలో, ఒక దేశపు పడవలు మరొక దేశపు జలాలలో చేపలు పట్టరాదని స్పష్టముగా ఉన్నది. అది 1976 మార్చి. తమిళనాడు మంత్రివర్గాన్ని కేంద్రము బర్తరఫు చేసినది అదే ఏడు జనవరి 31న. అడగవలసిన శాసనసభ అప్పుడు లేదు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడడము మాకు అంతవరకు తట్టలేదు.

తరువాత ఎగ్మూరు సంగతి చెప్పినది. రామనాథపురము జమీందారీ కాగితాల కోసము ఎగ్మూరు స్టేషను దగ్గరలోనే ఉన్న రాష్ట్ర పురాలేఖల కార్యాలయానికి నెల రోజులు వెళ్లినదట. అంతకాలము ఆ దారినే బస్సులో పోతున్నాము గాని ఆ భవనములో ఏమున్నదో మేమెన్నడూ అడగలేదు. ద్వీపము రాజావారి జమీలోనిది కాబట్టి మనది అన్నది ఒక వాదము. కొలంబో ప్రభుత్వము తన వాదానికి తనవైపు పాత రికార్డులు చూపినది. మన కేంద్ర ప్రభుత్వము కోర్టులలో చెప్పినది మూడవ మాట: అది వివాదములో ఉన్న స్థలమే గాని మన దేశములో నిశ్చయముగా భాగమైనది కాదు, కాబట్టి భూభాగము వదులుకొనుట జరగలేదు, రాజ్యాంగ సవరణ అక్కరలేదు అని. బేరుబారి విషయములో 1960లో సుప్రీంకోర్టు చెప్పినదానితో ఇది పొసగుతుందా అన్నది వేరే తగవు. అమ్మాయి ఏ పక్షమూ పట్టలేదు. మూడు వాదాలనూ వాటి బలము తగ్గకుండా చెప్పినది. మాలో వ్యాపారిగారికి అది నచ్చక, “ఇంతకూ నీ తీర్పేమిటమ్మా?” అన్నారు.

దానికి ఆ పిల్ల చెప్పినది మాకు బాగా గుర్తున్నది. రామేశ్వరములో పదిహేను రోజులు ఉండి జాలరులతో మాట్లాడినదట. యాఫ్నా వైపు వారితో టెలిఫోనులో మాట్లాడినదట. అటువారిదీ తమిళమే, ఇటువారిదీ తమిళమే. ఇద్దరూ అంతోనియారు ఉత్సవానికి వెళ్లేవారే. యుద్ధకాలములో అటువారిని సముద్రములోకి దిగనివ్వలేదు. 2009లో యుద్ధము ముగిసి వారు తమ నీళ్లకు తిరిగి వచ్చేసరికి ఇటునుంచి వచ్చిన మరపడవలు అడుగు వలతో సముద్రము నేలను ఊడ్చుకొని పోతున్నవి. చిన్న పడవవాని వల కూడా దానితోపాటు తెగిపోతుంది. శ్రీలంక 2017లో ఆ అడుగు వలను చట్టముతో నిషేధించినది. “ద్వీపము రేపు మనకు తిరిగి వచ్చినా ఆ వల తగవు తీరదు, మామయ్యగారూ. ద్వీపము ఎవరిదన్నది ఒక ప్రశ్న, చేప ఎవరిదన్నది మరొక ప్రశ్న. మనవాళ్లు మొదటిది అడుగుతూ రెండవది మరచిపోతున్నారు” అన్నది.

అంతవరకు మేము, ఇతరుల భాష తెలిస్తే చాలు తగాదాలు తీరుతాయి అని ప్రతి సభలోనూ చెప్పేవాళ్లము. మనబోటి వలస తెలుగువారికి ఆ మాట తీపిగా ఉంటుంది. ఒకే భాషవారు, ఒకే గుడివారు సముద్రము మీద పోట్లాడుకోవడము చూసిన తరువాత ఆ మాట అంత ధీమాగా అనలేకపోతున్నాము.

సభ చివర ఒక పెద్దమనిషి, “ఇదంతా అరవవారి గొడవ గదా, మనకెందుకు?” అన్నారు. అమ్మాయి శ్రీకాకుళము సంగతి ఎత్తినది. అక్కడి జాలరులు బ్రతుకుతెరువు కోసము గుజరాతుకు పోయి వేరావలు రేవులో పడవలెక్కుతారు. 2018 చివర అటువంటివారిని కొందరిని పాకిస్తాను వారు సముద్రములో పట్టుకొన్నారు. వారిలో ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మనకు అప్పగింపబడినారు. ఏడాదికి పైగా ఆ ఇళ్లలో ఆడవాళ్లు ఎలా ఉన్నారో ఊహించుకోండి. సర్ క్రీకు దగ్గర సముద్రపు సరిహద్దు తేలకపోవడము ఒక కారణము. నీటి మీద గీత కనబడదు గదా. 2008లో ఇరు దేశాలు చేసుకొన్న ఒప్పందము ప్రకారము ప్రతి జనవరి 1న, జూలై 1న తమ చెరసాలలలో ఉన్న ఎదుటి దేశస్థుల జాబితాలు మార్చుకొంటారు. రెండు దేశాల మధ్య మాటలు తెగిపోయిన కాలములో కూడా ఆ కాగితము చేతులు మారుతూ వచ్చినది. ఆ జాబితాలో పేరు సరిగ్గా పడితేనే గాని మనిషి ఫలానా చోట ఉన్నాడని ఇంటికి తెలియదు. “ఆ ఒప్పందములో ఒక్కొక్క మాట ఎవరో కూర్చుని రాసినారు, తాతగారూ” అన్నది అమ్మాయి. పెద్దమనిషి మాట్లాడలేదు. ఆయన తల్లివైపు వారిది కళింగపట్నము.

ఆ రాత్రి మేము ముగ్గురము ఇంటికి పోకుండా పఠనమందిరపు మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాము. తరువాతి నాలుగు నెలలు ఈ చదువును గురించి అడిగి తెలుసుకొన్నాము. తెలుసుకొన్నది టూకీగా మనవి చేస్తాము.

ఈ శాస్త్రము పుట్టినది స్మశానము పక్కన అనవచ్చును. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన వెంటనే, 1919లో, వేల్సు దేశములో అబరిస్ట్విత్ అనే సముద్రతీరపు ఊరి కాలేజీలో దీనికి మొదటి ఆచార్య పీఠము పెట్టినారు. డేవిడ్ డేవిస్ అనే ధనికుడు, తన ఇద్దరు చెల్లెళ్లతో కలసి, 20,000 పౌనులు ఇచ్చినాడు. యుద్ధములో చచ్చిన, గాయపడిన ఆ కాలేజీ విద్యార్థుల స్మారకముగా ఇచ్చిన సొమ్ము అది. యుద్ధము ఎందుకు వస్తుందో ఎవరైనా కూర్చుని చదవవలెనని ఆయన కోరిక. చదివినారు, ఇరవై ఏళ్లకే రెండవది వచ్చినది. ఆ పీఠములోనే కూర్చున్న ఇ. హెచ్. కార్ 1939లో రాసిన పుస్తకములో, మంచి కోరికలను శాస్త్రమని పొరబడినారని తనకు ముందటివారినే తప్పు పట్టినాడు. ఈ చదువుకు పోయిన ప్రతి విద్యార్థి ఇప్పటికీ ఆ తగవుతోనే మొదలుపెడతాడు.

మన దేశములో 1943లో ఢిల్లీలో ప్రపంచ వ్యవహారాల మండలి ఏర్పడినది. దాని ఆధ్వర్యములో 1955లో సప్రూ హౌసులో అంతర్జాతీయ అధ్యయన పాఠశాల మొదలైనది. 1970లో అది జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయములో కలసినది. కలకత్తాలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయము 1956 నుంచే దీనికి వేరే శాఖ నడుపుతున్నది. మనకు దగ్గరలో పుదుచ్చేరి కేంద్రీయ విశ్వవిద్యాలయములోనూ ఈ చదువు ఉన్నది. సార్కు దేశాలన్నీ కలసి 2010లో ఢిల్లీలో తెరచిన దక్షిణాసియా విశ్వవిద్యాలయములో కాబూలు పిల్లవాని పక్కన ఢాకా పిల్ల కూర్చుని ఈ పాఠము వింటుంది. అందులో గొప్ప ఉన్నదని మా అభిప్రాయము.

రెండేళ్లలో ఏమి చెబుతారు? 1648 వెస్ట్‌ఫేలియా సంధి మొదలు దేశాల చరిత్ర, అంతర్జాతీయ న్యాయము, 1945లో 51 దేశాలతో మొదలై నేడు 193 దేశాలున్న ఐక్యరాజ్య సమితి, వర్తకము, అప్పులు, ద్రవ్యము, మన విదేశాంగ విధానము, ఏదైనా ఒక ప్రాంతపు ప్రత్యేక అధ్యయనము. ఇవన్నీ వినడానికి బి.ఏ. పాఠాలవలెనే ఉన్నవి. తేడా సిద్ధాంతాల దగ్గర వస్తుంది. దేశాలకు పైన పోలీసు లేడు, ఎవరి రక్షణ వారిదే, కనుక మనుషులు ఎంత మంచివారైనా దేశాలు ఒకరిపై ఒకరు అనుమానముతోనే ఉంటాయని 1979లో కెన్నెత్ వాల్ట్‌జ్ అనే అమెరికా ఆచార్యుడు వాదించినాడు. పోలీసు లేనంతమాత్రాన అందరూ దొంగలు కానక్కరలేదు, పొరుగువారు ఒకరినొకరు ఎలా చూసుకొంటే పేట అలా తయారవుతుందని అలెగ్జాండర్ వెండ్ట్ 1992లో జవాబు రాసినాడు. బి.ఏ. విద్యార్థి ఈ రెండూ అప్పచెబితే చాలు. ఎం.ఏ. విద్యార్థి వీటిలో ఏది కచ్చత్తీవు దగ్గర నిలుస్తుందో, ఏది తేలిపోతుందో కాగితాలతో చూపవలె. పాఠము చదువుట కాదు, పాఠమునకు పరీక్ష పెట్టుట.

మా పంతులుగారు వెంటనే కౌటిల్యుణ్ణి తెచ్చినారు. ఇదంతా మనవాడు ఎప్పుడో చెప్పలేదా అని. చెప్పినాడు. పన్నెండుగురు రాజుల మండలము, సంధి విగ్రహాది ఆరు గుణాలు అందులో ఉన్నవి. కాని ఆ పుస్తకము కొన్ని వందల ఏళ్లు పేరుకే మిగిలి, తంజావూరు జిల్లా పండితుడొకరు మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి ఇచ్చిన తాళపత్రప్రతి వల్ల గదా బయటపడినది! అక్కడి ఆర్. శామశాస్త్రిగారు 1909లో అచ్చు వేయకపోతే ఈ పూట మనము గొప్పలు చెప్పుకొనేందుకు ఏమీ ఉండేది కాదు. ‘ఆముక్తమాల్యద’లో రాయలవారి రాజనీతి మాత్రము మన భాషలోనే ఉన్నది. దానిని ఈ శాస్త్రముతో కలిపి చదివే తెలుగు పిల్లలు ఎందరున్నారు? ఉద్యోగపర్వములోని రాయబారము నాటకములో పాడించుకొని వన్స్‌మోర్ కొట్టుటతో మన పని తీరినదనుకొన్నాము.

ఇక కష్టము సంగతి దాచము. ఈ చదువు చదివితే రాయబారి అవుతారన్నది భ్రమ. విదేశాంగ సేవకు దారి సివిల్ సర్వీసుల పరీక్ష ఒక్కటే. దానికి ఏ డిగ్రీ అయినా చాలును. ఇంజనీర్లు, డాక్టర్లు వెళ్లి చేరుతున్నారు. ఆ పరీక్షలో ఇది ఒక ఐచ్ఛిక విషయములో భాగముగా ఉన్నమాట నిజమే గాని అంతకుమించి ప్రత్యేక మర్యాద లేదు. పరిశోధన సంస్థలు, పత్రికలు, కాలేజీలు, విదేశీ వ్యాపారము చేసే కంపెనీలలో కొన్ని ఉద్యోగాలు, ఇవీ మిగిలిన దారులు. మొదటి జీతము ఇంజనీరు జీతము ముందు చిన్నబోతుంది. మన అమ్మాయికి కూడా చదువు ముగిసిన తరువాత ఎనిమిది నెలలు పని దొరకలేదు. బ్రిటనులో ఇదే ఎం.ఏ. మామూలుగా ఒక్క ఏడాదిలో ముగుస్తుంది. ఆ ఒక్క ఏడాది కోసము ఇల్లు తాకట్టు పెట్టినవారిని మేము చూసినాము. అటువంటి అప్పుకు మన నిధి పూచీ ఉండరాదని మా గట్టి అభిప్రాయము.

భాషలు మాత్రము తప్పనిసరి. చైనా మీద పరిశోధన చేస్తానని చైనా భాష రాకుండా బయలుదేరినవాడు ఇంగ్లీషువారి కళ్లజోడు అరువు తెచ్చుకొన్నట్లే. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయములో అరబీ, చైనా, జపాను, రష్యను వంటివి నేర్పుతున్నారు. మూడు భాషలు ఇంట్లో, వీధిలో, బడిలో వేరువేరుగా మోసుకొని పెరిగిన మన పిల్లలకు నాలుగవది నేర్చుకొనుట భయము కాదు.

సంధిపత్రాలు ఎక్కడో పెద్దవారికి సంబంధించినవన్న ఆలోచన మాలో ఒకరికి ముందునుంచీ లేదు. ఆయన పెద్దమ్మగారిది యానాము. 1954 నవంబరు 1న అక్కడి పాలన మన చేతికి వచ్చినది. 1956 మే 28న సంధి రాసుకొన్నారు. ఫ్రాన్సు ఆమోదించి అది అమలులోకి వచ్చినది 1962 ఆగస్టు 16న. ఆనాటి నుంచి ఆరు నెలలలోగా రాతపూర్వకముగా కోరినవారు ఫ్రెంచి పౌరులుగానే ఉండవచ్చునని ఆ సంధిలో ఉన్నది. పెద్దమ్మగారి మరిది ఆ కాగితము రాసి ఇచ్చినాడు, పెద్దనాన్న రాయలేదు. ఒక అరుగు మీద కూర్చుని ఒకే ఆకులో తిన్న అన్నదమ్ములు రెండు దేశాల పౌరులైనారు. ఆ అధికరణము ఏమని ఉన్నదో ఆ ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు. తెలిసినవారెవరో చెప్పినట్లు సంతకము పెట్టినారు, లేక మానినారు.

కాబట్టి సర్వసభ్య సమావేశము ముందు మా ప్రతిపాదన ఇది. ఆరవ నిబంధనలో “వృత్తి విద్యలు” అన్నచోట “వృత్తి విద్యలు గాని, స్నాతకోత్తర స్థాయిలో మరి ఏ శాస్త్రము గాని” అని మార్చవలె. అంతర్జాతీయ సంబంధాలకు ప్రత్యేకముగా వాటా అడుగుటలేదు. తలుపు తెరవండి చాలును. ప్రభుత్వ విశ్వవిద్యాలయములో సీటు వచ్చినవారికి ఏడాది హాస్టలు భోజనపు ఖర్చు ఇవ్వవచ్చును. బదులుగా విద్యార్థి తన పరిశోధన వ్యాసపు సారాంశము తెలుగులో రాసి ఒక సాయంత్రము మన పఠనమందిరములో చదవవలె. ఈ చివరి షరతు పెట్టమన్నది ఆ అమ్మాయే. మూడేళ్ల క్రిందటి డబ్బు ఇప్పుడైనా తీసుకొమ్మని మేము అడిగినాము, వద్దన్నది. ఆ మొత్తము అట్లే విడిగా ఉంచినాము.

ఓటు భోజనాలకు ముందే తీసుకొందామని అధ్యక్షులవారిని కోరుతున్నాము. దరఖాస్తు ఫారములు గుమ్మము దగ్గర బల్ల మీద ఉన్నవి. పాత నిబంధన అచ్చయి ఉన్నచోట చేత్తో కొట్టివేసి పెట్టినాము, ఓటు అటువైపు పోతే మళ్లీ చేత్తోనే రాస్తాము.